తామరకి చుట్టం కలువ కాదు, అరకు సిల్వర్ ఓక్

చెరువులో పక్కపక్కనే పూసే తామరనీ కలువనీ చూస్తే ఎవరికైనా అక్కాచెల్లెళ్ళలాగే అనిపిస్తాయి. రెండూ బురదలో వేళ్ళూనేవే, రెండింటికీ గుండ్రటి ఆకులే, రెండింటికీ బోలెడన్ని రేకులే. మన సంగతి అలా ఉంచండి, ప్రపంచంలో ఉన్న విత్తనపు మొక్కలన్నిటికీ లెక్క తేలుద్దామని కూర్చున్న జార్జ్ బెంథామ్, జోసెఫ్ హుకర్ అంతటివాళ్ళు కూడా ఈ రెండింటినీ నింఫియేసీ అనే ఒకే కుటుంబంలో పెట్టేశారు. తర్వాత డీఎన్ఏ చూస్తే తేలిందేమిటంటే, తామరకి దగ్గరి చుట్టాలు అరకు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్, చలిదేశాల్లో రోడ్ల పక్కన కనిపించే ప్లేన్ చెట్లు, మకడేమియా గింజల చెట్టు. కలువ మాత్రం పూల మొక్కల వంశం మొదట్లోనే చీలిపోయిన ఓ పాత కొమ్మ. చుట్టరికం లెక్కలో చూస్తే తామరకి కలువ కన్నా వేప దగ్గర, వంకాయ దగ్గర, ఆఖరికి వరి కూడా దగ్గరే.

నమ్మకం కలగకపోతే ఈసారి చెరువు గట్టున కాసేపు ఆగి చూడండి. కలువ ఆకు నీళ్ళ మీద పడుకుని ఉంటుంది, తొడిమ దగ్గరికి ఒక చీలిక ఉంటుంది. తామరాకుకి చీలిక ఉండదు, తొడిమ సరిగ్గా ఆకు మధ్యలో కింద నుంచి అతుక్కుని ఉంటుంది, ముదిరిన ఆకులు నీళ్ళకి పైన గొడుగుల్లా లేచి నిలబడతాయి, నీటిబొట్టు పడితే జారిపోతుంది. పువ్వు మధ్యలో చూస్తే తేడా ఇంకా స్పష్టం: తామరకి తిరగేసిన శంఖువులాంటి దిమ్మ, దాంట్లో గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో అండాశయం. కలువకి అలాంటిదేమీ లేదు. అసలు గుట్టంతా పుప్పొడిలో ఉంది. మైక్రోస్కోప్ కింద పెడితే తామర పుప్పొడి రేణువుకి మూడు గాడులు కనిపిస్తాయి, కలువ రేణువుకి ఒక్కటే ద్వారం. ఈ మూడు గాడుల పుప్పొడి పూల మొక్కల్లో ఒక పెద్ద శాఖకి గుర్తు, దాని సంగతి కింద చెబుతాను. డీఎన్ఏ రాకముందే కొందరు వృక్షశాస్త్రజ్ఞులు ఈ లక్షణాలు చూసి తామరని వేరే పెట్టాలన్నారు, కానీ దాని చుట్టాలెవరో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. చెరువులో పూలకి కొండమీద చెట్లు బంధువులని ఎవరికి మాత్రం తడుతుంది?

ఈ గందరగోళమంతా ఎక్కడ మొదలైందంటే, మొక్కల వర్గీకరణ పేరుతో మనం రెండు వేరు వేరు పనులు కలిపేశాం. ఒకటి, చేతిలో ఉన్న మొక్క ఏమిటో గుర్తుపట్టడం. రెండోది, ఆ మొక్క ఎవరి వంశమో తేల్చడం. మొదటిదానికి కంటికి కనిపించే గుర్తులు చాలు. రెండోదానికి కళ్ళని నమ్మితే కొంప మునుగుతుంది. కాలేజీ పుస్తకాల్లో ఒక చాప్టర్ బెంథామ్ హుకర్ అంటుంది, ఇంకో చాప్టర్ డీఎన్ఏని బట్టి కట్టిన ఏపీజీ అంటుంది, పిల్లలు ఏది కరెక్టో తెలియక రెండూ బట్టీపడతారు. నిజానికి అవి రెండు వేరు ప్రశ్నలకి రెండు జవాబులు.

స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్‌కి ఈ తేడా బాగానే తెలుసు. 1735లో ఆయన పెట్టిన పద్ధతి మొక్కల్ని 24 తరగతులు చేసి, ఎక్కువగా కేసరాల లెక్క మీదే నడిచింది. రెండు కేసరాలుంటే ఒక తరగతి, మూడుంటే ఇంకోటి. మల్లెకి రెండు కేసరాలు, మిరియాల తీగకీ రెండే అని ఆయన లెక్క, అందుకని రెండూ ఒకే తరగతి! ఇది కృత్రిమమైన ఏర్పాటేనని లిన్నేయసే ఒప్పుకున్నాడు. అయినా పని జరిగింది, ఎందుకంటే లెక్కపెట్టడం వచ్చిన ఎవరైనా మొక్కని గుర్తుపట్టగలిగారు. 1781లో సామర్లకోటలో మకాం పెట్టిన ఈస్టిండియా కంపెనీ డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ మన కోస్తా మొక్కల్ని బొమ్మలు గీయించి, వాటికి తెలుగువాళ్ళు పిలిచే పేర్లు కూడా రాసుకుని, వర్ణించింది ఈ పద్ధతిలోనే.

బెంథామ్, హుకర్‌ల ‘జెనెరా ప్లాంటేరమ్’ 1862 నుంచి 1883 దాకా వచ్చింది. ఒక్క కేసరాలే కాకుండా ఆకర్షణ పత్రాలు విడివిడిగా ఉన్నాయా, కలిసిపోయి ఉన్నాయా, అండాశయం పైన ఉందా కింద ఉందా అని చాలా లక్షణాలు చూసి, ఎండబెట్టిన నమూనాల్ని స్వయంగా పరిశీలించి 202 కుటుంబాలు కట్టారు. ఆ ఓపికకి దండం పెట్టాల్సిందే. ఇక్కడో తమాషా ఉంది. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో. హుకర్ ఆయనకి ప్రాణస్నేహితుడు, పరిణామ సిద్ధాంతాన్ని మొదట్లోనే సమర్థించినవాళ్ళలో ఒకడు. అయినా ఆయన పేరు మోస్తున్న వర్గీకరణలో పరిణామం ఊసే లేదు! పైన్, సైకస్ లాంటి వివృతబీజాలని (గింజ కాయలో దాగకుండా బయటే ఉండే మొక్కలని) తీసుకెళ్ళి ద్విదళబీజాలకీ ఏకదళబీజాలకీ మధ్యలో కూర్చోబెట్టారు. వంశవృక్షంగా చదివితే అర్థంలేని విషయం ఇది, గుర్తుపట్టే పుస్తకంగా చదివితే ఏ ఇబ్బందీ లేదు.

ఆ తర్వాత జర్మన్లు వచ్చారు. ఎంగ్లర్ వాదన ఏమిటంటే, పరిణామం సరళం నుంచి సంక్లిష్టానికి నడుస్తుంది కాబట్టి, రేకులు లేని చిన్నచిన్న పూల మొక్కలే పాతవి అయ్యుండాలి. అందుకని ద్విదళబీజాల్లో మొట్టమొదట కూర్చోబెట్టింది ఎవరినయ్యా అంటే, మన సరుగుడుని. నెల్లూరు, ప్రకాశం తీరంలో తోటలకి తోటలు పెంచే ఆ సరుగుడే. చూడ్డానికి పైన్ చెట్టులాగే ఉంటుంది, కాయ కూడా పైన్ కాయకి చిన్న తమ్ముడిలా ఉంటుంది. కానీ ఆ సూదిని పట్టుకుని మెల్లగా లాగండి, కణుపు దగ్గర టప్పున ఊడి వస్తుంది. ఊడిన చోట చుట్టూ సన్నటి పళ్ళలా ఉన్నవి చూశారా, అవీ అసలు ఆకులు. మనం ఆకు అనుకున్న సూది కొమ్మ అన్నమాట. సరుగుడు నికార్సైన పూల మొక్కే, ఓక్, అక్రోటు చెట్లకి చుట్టం. దాని పువ్వు సాదాగా ఉండటం పాతదనం వల్ల వచ్చింది కాదు. గాలే పుప్పొడి మోస్తుంటే రేకులతో పనేముంది, అక్కర్లేనివి రాలిపోయాయి. ఒక లక్షణం లేకపోతే అది ఇంకా రాలేదా, వచ్చి పోయిందా అన్నది చూపుతో తేలదు. ఎంగ్లర్ బోల్తా పడింది ఇక్కడే.

1993లో మార్క్ చేజ్‌తో కలిసి మొత్తం 42 మంది శాస్త్రవేత్తలు 499 జాతుల విత్తనపు మొక్కల్లో ఆర్‌బీసీఎల్ అనే ఒకే ఒక్క జన్యువుని పోల్చి చూశారు. కిరణజన్య సంయోగక్రియలో కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే రుబిస్కో ఎంజైమ్‌లో పెద్ద ముక్కకి సంబంధించిన జన్యువు అది, పచ్చటి మొక్కలన్నిట్లోనూ ఉంటుంది కాబట్టి పోల్చడానికి వీలు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు అయింది. 1998లో ఏపీజీ అనే బృందం కొత్త వర్గీకరణ ప్రకటించింది, 2003, 2009, 2016లో దాన్ని సవరించింది. ఇప్పుడున్న నాలుగో రూపంలో 64 క్రమాలు (క్రమం అంటే దగ్గరి కుటుంబాల గుంపు), 416 కుటుంబాలు.

దీంట్లో పెద్ద దెబ్బ తిన్నది ద్విదళబీజాలు అనే గుంపు. స్కూల్లో మనందరం చదివింది, విత్తనంలో ఒక దళం ఉంటే ఏకదళబీజం, రెండుంటే ద్విదళబీజం అని. ఏకదళబీజాలు నిజంగానే ఒక వంశం, దాంతో పేచీ లేదు. కానీ రెండు దళాలుండటం మొత్తం పూల మొక్కల ఉమ్మడి పూర్వీకుడికే ఉన్న పాత లక్షణం, ఒక్క కొమ్మలో మాత్రం ఒక దళం పోయింది. ఆ కొమ్మని పక్కనపెట్టి మిగతావన్నీ ఒక గుంపు అనడం ఎలా ఉంటుందంటే, ఇంటిపేరు ఒకటే ఉన్న వందమందిలో అమెరికా వెళ్ళిన ఒక్క కుటుంబాన్ని తీసేసి, ఊళ్ళో ఉన్న మిగతా అందరూ ఒక శాఖ అన్నట్టు. ఊళ్ళో ఉన్నవాళ్ళలో ఒకడు అమెరికావాడికి సొంత అన్న, ఇంకొకడు ముత్తాతల కాలంలో విడిపోయిన దాయాది, అయినా సరే ఒకే శాఖ అంటారు!

ఇప్పటి లెక్క ప్రకారం కింద నుంచి మొదలుపెడితే, ముందు చీలిన కొమ్మల్లో ఆంబొరెల్లా (న్యూ కలెడోనియా దీవిలో తప్ప ఎక్కడా పెరగని ఒక పొద, దాని వంశంలో మిగిలింది అదొక్క జాతే), తర్వాత కలువలు, ఆ తర్వాత అనాసపువ్వు వంశం. ఈ మూడూ కలిపితే 200 జాతులు అటూ ఇటూ. ఆపైన మాగ్నోలియిడ్లు, ఏకదళబీజాలు, చివరగా మూడు గాడుల పుప్పొడి ఉన్న నిజ ద్విదళబీజాలు. పూల మొక్కల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఈ చివరి గుంపే. తామర దీంట్లోది.

ఇదంతా గుర్తుండాలంటే బిర్యానీ మసాలా డబ్బా తీస్తే సరిపోతుంది. అనాసపువ్వు ఆ పాత కొమ్మలది (పేరుకే పువ్వు, నిజానికి ఎండిన కాయ). దాల్చినచెక్క, బిర్యానీ ఆకు, మిరియాలు, జాజికాయ, జాపత్రి అన్నీ మాగ్నోలియిడ్లు, సీతాఫలం, తమలపాకు, సంపెంగ కూడా వీటి బాపతే. యాలకులు, అల్లం, ఉల్లి, బియ్యం ఏకదళబీజాలు. లవంగాలు, జీలకర్ర, ధనియాలు, పుదీనా, మిరపకాయ నిజ ద్విదళబీజాలు. పూల మొక్కల వంశవృక్షంలో పెద్ద కొమ్మలు దాదాపు అన్నీ ఒక్క గిన్నెలో ఉడుకుతున్నాయన్నమాట. రాతిపువ్వు మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది లైకెన్, మొక్కే కాదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ముందు చీలిన కొమ్మ అంటే పూర్వీకుడు అని కాదు. ఆంబొరెల్లా నుంచి మిగతా పూలు పుట్టాయని పేపర్లలో రాసేస్తుంటారు, అది తప్పు. విడిపోయాక ఆంబొరెల్లాకీ గులాబీకీ గడిచిన కాలం ఒక్కటే, రెండూ మారుతూనే వచ్చాయి.

కళ్ళు మోసం చేసిన కేసులు కావాలంటే మన చుట్టూ ఎన్నైనా ఉన్నాయి. శ్రీగంధం, ఎర్రచందనం పేర్లలో ఉన్న దగ్గరితనం వంశంలో ఏమాత్రం లేదు. శ్రీగంధం పక్క చెట్ల వేళ్ళ నుంచి పోషకాలు లాక్కునే సగం పరాన్నజీవి, మామిడి కొమ్మల మీద మొలిచే బదనిక దాని క్రమంలోదే. శేషాచలం ఎర్రచందనం చిక్కుడు కుటుంబం. అందులోనూ అది ఉన్న శాఖలోనే ఎవరున్నారో తెలుసా, వేరుశనగ! రాయలసీమలో చేలో ఉన్నదీ కొండ మీద ఉన్నదీ దగ్గరి బంధువులు. అలాగే మినుము చేలని పీల్చేసే బంగారుతీగ చిలగడదుంప కుటుంబంలోది. తీరంలో ఇసుక నేలల్లో పొదల మీద అచ్చం అలాగే అల్లుకునే కాసైథా ఉందే, అది దాల్చినచెక్క కుటుంబం. ఆకుల్లేని పసుపు తీగ, పక్క మొక్కలోకి దిగే పీల్చుడు వేళ్ళు, ఇవన్నీ రెండింట్లో విడివిడిగా వచ్చాయి. పువ్వు దొరికితే తేలిగ్గా తేల్చొచ్చు, కాసైథాకి మూడేసి చొప్పున రెండు వరసలు, బంగారుతీగకి ఐదు రేకులు కలిసిపోయి ఉంటాయి.

నాకు అన్నిటికన్నా నచ్చిన కథ మాత్రం ఆవాలు, బొప్పాయి, మునగలది. చూపుకి వీటికి పొంతనే లేదు. బొప్పాయిని బెంథామ్, హుకర్ కృష్ణకమలం కుటుంబంలో వేశారు. కానీ బొప్పాయి గింజ కొరికి చూడండి, ఆవఘాటు తగులుతుంది. మునగ వేరు దంచినా అదే ఘాటు. గ్లూకోసినోలేట్లు అనే రసాయనాలు ఆ ఘాటుకి మూలం, కణాలు నలిగితే ఒక ఎంజైమ్ వాటిని విడగొట్టి ఆవనూనె ఘాటుని వదులుతుంది. 1970ల్లో కోపెన్‌హాగన్‌లో పనిచేసిన రోల్ఫ్ డాల్‌గ్రెన్ ఈ ఘాటున్న కుటుంబాలన్నీ ఒకే వంశమై ఉంటాయని ప్రతిపాదించాడు. చాలామందికి మింగుడుపడలేదు. డీఎన్ఏ వచ్చి చూస్తే ఆయన మాట దాదాపు పూర్తిగా నిజమైంది, ఇప్పుడవన్నీ బ్రాసికేల్స్ అనే ఒకే క్రమం. ఒక్క పుత్రజీవి కుటుంబం మాత్రం ఆ ఘాటుని విడిగా సంపాదించుకుంది. అంటే వంశం చెప్పే గుర్తులు మొక్కల మీద ఎప్పుడూ ఉన్నాయి, ఏ గుర్తుని నమ్మాలో మాత్రం ముందుగా తెలియలేదు.

పాతవాళ్ళని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. గడ్డి, చిక్కుడు, బంతి, ఆవ, జీలకర్ర కుటుంబాలు పాత పుస్తకాల్లో ఎలా ఉన్నాయో దాదాపు అలాగే నిలబడ్డాయి. కూలిపోయింది ఎక్కువగా పై అంతస్తులు, కొన్ని సంచి కుటుంబాలు. లిలియేసీ అలాంటి సంచే, ఎక్కడా ఇమడని ఏకదళబీజాల్ని దాంట్లో పడేస్తూ పోయారు. ఇంటర్ బైపీసీలో ఉల్లిని లిలియేసీ ఉదాహరణగా బట్టీపట్టినవాళ్ళు గమనించాలి, ఉల్లి ఇప్పుడు అమరిల్లిడేసీ, కలబంద ఆస్ఫొడెలేసీ, శతావరి ఆస్పరాగేసీ. టేకు వర్బినేసీ వదిలి తులసి కుటుంబంలో చేరింది. జిల్లేడు గన్నేరు కుటుంబంలో కలిసింది.

ఇక కాలం సంగతి. 1879 జూలై 22న డార్విన్ హుకర్‌కి రాసిన ఉత్తరంలో పై తరగతి మొక్కలు అంత వేగంగా పెరిగిపోవడం భరించలేని మిస్టరీ అని వాపోయాడు. మార్పు మెల్లమెల్లగా వస్తుందన్నది ఆయన సిద్ధాంతం, క్రెటేషియస్ (డైనోసార్ల ఆఖరి కాలం) శిలల్లో చూస్తే పూల మొక్కలు ఒక్కసారి ఊడిపడ్డట్టు ఉన్నాయి. చైనాలోని లియావోనింగ్‌లో దొరికిన ఆర్కీఫ్రక్టస్ శిలాజం వయసు సుమారు 12.5 కోట్ల ఏళ్ళు. ఎవరూ కాదనని పుప్పొడి శిలాజాలు సుమారు 13.5 కోట్ల ఏళ్ళ దాకా వెనక్కి వెళతాయి. జన్యువుల్లో మార్పుల వేగాన్ని బట్టి కట్టిన లెక్కలు మాత్రం ఇంకా వెనక్కి, జురాసిక్ కాలంలోకి పోతున్నాయి. ఈ ఖాళీ ఇప్పటికీ పూడలేదు. ఒక్కోసారి శిలాజం అనుకోని చోట దొరుకుతుంది. తెలంగాణకి ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లా పిస్‌దురాలో డైనోసార్ల పేడ శిలాజాలున్నాయి. 2005లో వందనా ప్రసాద్, అశోక్ సాహ్ని బృందం వాటిలో గడ్డి జాతుల సూక్ష్మమైన ఇసుకరేణువుల్లాంటి ఫైటోలిత్‌లు కనిపెట్టింది. డైనోసార్లు పోయాకే గడ్డి వచ్చిందనుకున్న కథ అక్కడితో ముగిసింది, 6.5 కోట్ల ఏళ్ళ కిందటే గడ్డి రకరకాలుగా చీలి ఉంది.

2024 ఏప్రిల్‌లో లండన్‌లోని క్యూ గార్డెన్స్ నాయకత్వంలో వచ్చిన పరిశోధన 9,506 జాతుల్లో 353 కేంద్రక జన్యువుల్ని పోల్చింది, దాదాపు 200 ఏళ్ళ కిందట నేపాల్‌లో సేకరించి ఎండబెట్టిన నమూనా నుంచి కూడా డీఎన్ఏ తీశారు. దాని ప్రకారం ఇప్పుడున్న పెద్ద వంశాల్లో 80 శాతానికి పైగా పూల మొక్కల పుట్టుక తర్వాత కొద్ది కాలంలోనే చీలిపోయాయి, మళ్ళీ సుమారు 4 కోట్ల ఏళ్ళ కిందట భూమి చల్లబడేటప్పుడు ఇంకో ఊపు వచ్చింది. కాబట్టి డార్విన్‌కి కనిపించిన ఆ తొందర భ్రమ కాదు. కారణాలేమిటంటే ఒకటి చెప్పి ఊరుకోలేం. తేనెటీగలు, ఇతర పురుగులు ఒక కారణం, ఆకుల్లో ఈనెలు దట్టంగా ఉండి నీళ్ళు వేగంగా పారడం ఇంకోటి, గింజ కాయలో దాగి ఉండటం మరోటి.

తేలని విషయాలు ఇంకా చాలా ఉన్నాయి. మాగ్నోలియిడ్లు, ఏకదళబీజాలు, నిజ ద్విదళబీజాలు ఏ వరసలో విడిపోయాయన్నది జన్యువుని బట్టి మారుతోంది. ఆముదం ఉన్న క్రమం సంగతి చూడండి: పత్రహరితం ఉండే క్లోరోప్లాస్ట్‌ల డీఎన్ఏని అడిగితే చిక్కుడు, గులాబీల వైపు అంటుంది, కేంద్రకాన్ని అడిగితే పత్తి, వేప, మామిడి వైపు అంటుంది. క్లోరోప్లాస్ట్ చాలా మొక్కల్లో తల్లి నుంచే వస్తుంది, ఎప్పుడో రెండు వంశాలు సంకరమై ఉంటే ఇలాంటి రెండు నాల్కల సాక్ష్యమే మిగులుతుంది. కొమ్మలు మళ్ళీ కలిసే చెట్టుని వంశవృక్షం అనొచ్చా అన్నదే ప్రశ్న.

కొన్ని గొడవలకి సైన్స్‌తో సంబంధమే తక్కువ. అకేషియా అనే పెద్ద ప్రజాతి నిజానికి చాలా వంశాల కలగాపులగం అని తేలాక, ఆ పేరు ఎవరికి ఉంచాలన్న పేచీ వచ్చింది. నియమం ప్రకారం మన నల్లతుమ్మ ఉన్న గుంపుకే దక్కాలి. ఆస్ట్రేలియాలో వెయ్యి దాకా జాతులున్నాయి, అన్నిటికీ పేర్లు మార్చడం కష్టమని వాళ్ళు పట్టుబట్టారు, 2005లో వియన్నాలో, 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ వృక్షశాస్త్ర మహాసభల్లో ఆ పేరు వాళ్ళకే ఇచ్చేశారు. నల్లతుమ్మ ఇప్పుడు వాచెల్లియా, చండ్ర సెనెగాలియా. పాత పేరుతో వెతికితే కొత్త సమాచారం దొరక్క, కొత్త పేరుతో వెతికితే పాత పుస్తకాల్లో లేక, విద్యార్థులు నానా తంటాలు పడుతున్నారు.

మన ప్రాంతపు మొక్కల్ని గుర్తుపట్టాలనుకునేవాళ్ళకి 1915 నుంచి 1936 మధ్య వచ్చిన గ్యాంబుల్ మద్రాస్ ప్రెసిడెన్సీ ఫ్లోరా అనే మొక్కల పుస్తకం ఇప్పటికీ అక్కరకొస్తుంది, అది నడిచేది బెంథామ్, హుకర్ వరసలోనే. అందులో తామర కోసం నింఫియేసీలోనే చూడాలి, టేకు కోసం వర్బినేసీలోనే. మొక్క ఏమిటో తేలాక ఇప్పటి కుటుంబం ఏదో క్యూ వాళ్ళ ఆన్‌లైన్ జాబితాలో పేరు కొడితే వచ్చేస్తుంది. పని ఈ వరసలో చేయాలి. ఏపీజీ పట్టిక పట్టుకుని అడవిలోకి వెళితే ఒక్క మొక్క పేరు కూడా తేలదు, ఎందుకంటే దాంట్లో సగం కొమ్మలకి కంటికి కనిపించే గుర్తు అంటూ ఏదీ లేదు.